గుమ్మడిలంక మొదటి గంట

పుష్యమాసపు ప్రాతఃకాలమున వసిష్ఠానదీగర్భమునుండి లేచిన దట్టమైన మంచు ఇరుగట్టులను ఇసుకతిప్పలను రెల్లుపొదలను ఒక్కటిగ గప్పివేసి ఏది నీరో ఏది నేలయో యెఱుగరాకుండ జేయుచుండ, ఉదయించియు నుదయింపనట్లున్న సూర్యుడు పాలకుండలో బడిన పసుపుకొమ్మువలె వెలవెలబోవుచుండ, నందిరేవుపట్టణమున మాత్రము జనులు ఆ సూర్యునితో నిమిత్తము లేకయే కాలమును దెలిసికొనుచుండిరి. ఏలయన ప్రతిదినమును తొమ్మిదిగంటల నలువది నిమిషములకు ఈరంకి పేర్రాజుగారి నల్లగొడుగు అంగడివీథి మలుపు తిరుగును. దానిని జూచి కంసాలి కొలిమి రాజవేయును. వకీలు గుమాస్తా పరుగు లంకించుకొనును. గడియారముల మరమ్మతువాడు సైతము తన గోడగడియారపు ముల్లును ఆ గొడుగునుబట్టి సరిచేసికొనునని ఊరిలో వేళాకోళమొకటి గలదు. అది వేళాకోళము గాదు, నిజమే.

పేర్రాజుగారు నందిరేవు ప్రభుత్వకళాశాలకు ప్రధానాచార్యులు. చరిత్రబోధకులు. విద్వాంసులు. ముక్కోపులు. చదువు ధనవంతుని సొత్తుగా నుండరాదని నమ్మి కళాశాల రుసుములను రద్దుచేయింపుడని మూడుసంవత్సరములు ప్రభుత్వమునకు మహజరుమీద మహజరు వ్రాసి, వచ్చిన ప్రతి తిరస్కారమునకు ప్రత్యుత్తరము వ్రాసి, తుదకు విసిగిన ప్రభుత్వముచేత ఔననిపించిన మొండిమనిషి. ఆ యుత్తరువు వచ్చిననాడు జరిగిన సభలో పూలదండ మెడనుండగనే ఆయన యిట్లు పలికెను. "నేటినుండి ఈ కళాశాల తలుపు బీదవానికి మూయబడదు. ఇంకను రానివాడున్నచో వాడు బీదవాడు కాడు, సోమరి!" జనులు కరతాళధ్వనులు చేసిరి. తాను చెప్పిన మాటలలో ఆయనకు మిక్కిలి నచ్చిన మాట అదియే.

అయితే ఆ తలుపు ప్రతిదినమును పదిగంటలకు మూయబడుచునే యుండెను. రెండవ గంట మ్రోగినంతనే బంట్రోతు అప్పలస్వామి తరగతితలుపు బిగించి గడియ వేయును. పూర్వము పటాలమున పనిచేసిన వాడగుటచే అతనికి ఉత్తరువు ఉత్తరువే. మొదటి గంట ప్రతిదినమును పేర్రాజుగారి చరిత్రపాఠము. తలుపు మూసిన పిమ్మట వచ్చినవానికి ఆ గంట హాజరు లేదు. కాలమును గౌరవింపనివాడు చరిత్ర చదివి యేమి లాభమని ఆయన వాదము.

పరీక్షలు రెండుమాసములలోనికి వచ్చినవి. ఏ విషయమునందైనను నాలుగింట మూడువంతుల హాజరు లేనివారిని పరీక్షకు గూర్చుండనీయరాదని విశ్వవిద్యాలయపు నిబంధన. అట్లు తగ్గినవారి పట్టికను గుమాస్తా తెచ్చి పేర్రాజుగారి బల్లపై నుంచగా ఆయన కండ్లద్దములు సవరించుకొని చూచెను. తొమ్మిది పేర్లు. తొమ్మండుగురును గుమ్మడిలంకవారు. నది నడుమనున్న ఆ లంకనుండి కళాశాలకు వచ్చుచున్నవారు మొత్తమే తొమ్మండుగురు.

"లంకవారికి గడియారము లేదని యెఱుగుదును గాని సిగ్గును లేదని నేడే తెలిసినది" అని గొణుగుకొని పేర్రాజుగారు సంతకముచేయ కలము సిరాబుడ్డిలో ముంచెను. అప్పుడు వాకిట నొక కన్య నిలిచియుండుట కానవచ్చెను.

ఆమె నూకరత్నము. పట్టికలో మూడవ పేరు ఆమెదే. తండ్రి లేడు. తల్లి పైడమ్మ లంకభూమిలో అరయెకరము కౌలుకు చేసి కూరగాయలు పండించి నందిరేవు సంతకు దెచ్చి యమ్మును. గుమ్మడిలంకలో పదవతరగతి దాటిన ఆడుపిల్ల నూకరత్నము దక్క వేఱొకతె లేదు. పరీక్షకు గూర్చుండనివారి ఉచితస్థానము మరుసటియేట రద్దగును. అట్లయినచో ఆమెకు మిగులునది తల్లిప్రక్క గుద్దలి మాత్రమే.

"హాజరు విషయమైనచో నేను వినను" అని పేర్రాజుగారు తలయెత్తకయే యనెను.

"హాజరు గురించి కాదండి. కిటికీ గురించండి."

"కిటికీయా?"

"పడమటి వరండాలో కిటికీ అండి. చలిగాలొస్తందని పది రోజుల్నించీ దాని రెక్కలు కూడా మూసేస్తన్నారండి. తలుపు మూసినా ఆ కిటికీలోంచి మీ పాఠం వినపడేదండి మాకు. అది కాస్త తీయించి ఉంచితే చాలండి."

పేర్రాజుగారు కలము క్రింద నుంచెను. ఇన్నేండ్ల అధ్యాపకవృత్తిలో ఆయనయొద్దకు హాజరు వేయుమని వచ్చినవారు కలరు. మార్కులు వేయుమని వచ్చినవారు కలరు. ఏడ్చినవారు కలరు. మామిడిపండ్ల బుట్టలతో వచ్చినవారును కలరు. కిటికీ తెఱువుమని వచ్చినవారు లేరు. ఆయనకు నమ్మకము కలుగలేదు.

"కిటికీ మూయుటకు ముందు నేను చెప్పిన తుదిపాఠమేది?"

"కాకతీయుల చెరువుల గురించండి. నీరు పారినంతమేరే రాజ్యమని మీరు రెండుసార్లన్నారండి. తర్వాత దగ్గొచ్చి మంచినీళ్ళు తాగారండి. అక్కడిదాకా వినపడిందండి."

ఆయన కండ్లద్దములు తీసి తుడిచెను. పిమ్మట స్వరము తగ్గించి "ఇంత శ్రద్ధ గలదానవు ఒక అరగంట ముందుగ బయలుదేరరాదా?" అని యడిగెను.

"నాలుగింటికే లేస్తానండి. ఏడింటికల్లా రేవులో ఉంటాం అందరం. పడవ కదలదండి. గంపలు ముందు, మనుషులు తర్వాతండి మా రేవులో. గంపలెక్కేసరికి మంచు దిగిపోద్ది. అది విడేదాకా కూర్చోవాలండి. మా అమ్మ గంప కూడా అందులోదే."

"ఈ సంగతి ఇన్నాళ్ళేల చెప్పలేదు?"

ఆమె ఆశ్చర్యముతో ఆయనవంక జూచెను. "ఆలస్యం మాదే కదండీ!" అనెను.

ఆ మాటలో నిష్ఠురము లేశమును లేదు. ఉండినచో పేర్రాజుగారు కోపము తెచ్చుకొని తప్పించుకొని యుండును. ఆమె వెడలిన పిమ్మట ఆయన తక్కిన అధ్యాపకుల హాజరుపుస్తకములను దెప్పించి పేరుపేరున పరికించెను. ఆంగ్లమున నూకరత్నము ఒక్కదినమైనను తప్పలేదు. తెలుగునను అర్థశాస్త్రమునను అంతియే. తొమ్మండుగురును సోమరులుగ గనబడుచున్న పుస్తకము ఒక్కటే యుండెను. అది ఆయన స్వహస్తముతో వ్రాసికొన్నది. పేర్రాజుగారు సంతకము చేయకయే పట్టికను సొరుగులో బెట్టి తాళము వేసెను.

మరునాటి సాయంకాలము ఆయన గొడుగును ఒక చేతిసంచియు బట్టుకొని గుమ్మడిలంకకు బోవు పడవ యెక్కెను. ఆ రాత్రి లంకలోని పాఠశాలాభవనమున శయనించి తెల్లవాఱి ఆఱున్నరకే రేవు జేరెను. జేబుగడియారము తీసి చేతబట్టుకొని గట్టున నిలిచెను.

ఏడుగంటలకు తొమ్మండుగురు విద్యార్థులును పుస్తకములతో వచ్చి ఇసుకలో నొదిగి కూర్చుండిరి. పిమ్మట గంపలు రాసాగెను. గుమ్మడికాయల గంపలు పొట్లకాయల గంపలు వంగ దోస బీర చిక్కుడు గంపలు ఒకదానివెనుక నొకటిగ తలలపై వచ్చి పడవయడుగున వరుసగ నమర్పబడుచుండెను. ఒకతె గంప నెత్తికొని వచ్చుసరికి వేఱొకతె యింటినుండి రాలేదు. ఆమె వచ్చుసరికి తాడు తెగినది. ఎనిమిదియయ్యెను. అంతలో నదిమీద మంచు గోడవలె దిగి, లోతుకాలువను జూపుటకై పాతిన వెదురుగడల నొక్కటొక్కటిగ మ్రింగివేసెను. గంపల బరువుతో గూడిన పడవ లోతుకాలువను దప్పి యొక్కమూర జరిగినను ఇసుకతిప్పనెక్కి గూర్చుండును. కావున గడలు కనబడువఱకు కదలుటకు వీలులేదు.

"మనుష్యులను ముందుగ దాటించి గంపలను వెనుక దేరాదా?" అని పేర్రాజుగారు పడవవాడైన పోతురాజు నడిగెను.

"అడుగున బరువు లేకపోతే పడవ నిలబడదండి బాబూ. మా తాతల నాడు పెళ్ళివారిని ఉత్తపడవ బల్లలమీద కూర్చోబెట్టి తోలితే నడి ఏట్లో దొర్లింది. పదకొండుమంది పోయారు. ఆనాటినించి ఈ రేవులో గంప ఎక్కందే మనిషి ఎక్కడండి."

ప్రక్కన గుమ్మడికాయలను సర్దుచున్న పైడమ్మ తలత్రిప్పకయే యనెను. "మాకు జీతాలు లేని కాలేజీ ఇచ్చారండి. మీ చలవే అన్నారు. సంతోషం. కానండీ, దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యలేదన్నట్టుంది మా పిల్లల సంగతి."

పూజారి ఎవరో ఆమె యెఱుగదు. ఆ పూజారి గట్టున గొడుగు బట్టుకొని నిలిచినవాడేయని ఆయన యెఱుగును. పేర్రాజుగారికి చెవులు వేడెక్కెను. 

పడవ తొమ్మిదికి గదలెను. నందిరేవు గట్టు జేరిన పిమ్మట తొమ్మండుగురును పరుగెత్తిరి. అఱువదియేండ్లకు సమీపించిన పేర్రాజుగారును పంచె యెగగట్టి వారితో బాటు పరుగెత్తెను. అంగడివీథిలో కంసాలి తన కొలిమివైపును ఆ గొడుగువైపును మార్చిమార్చి చూచెను. మరమ్మతువాడు తన గోడగడియారమే చెడినదనుకొనెను. కళాశాల వరండా జేరుసరికి పది దాటి పదునెనిమిది నిమిషములు. తలుపు మూయబడియుండెను.

"అప్పలస్వామీ! తలుపు తీయుము."

"పది దాటితే ఎవరికీ తీయొద్దని ప్రిన్సిపాలుగారి ఆర్డరండి" అని లోపలినుండి సమాధానము.

"నేనే ప్రిన్సిపాలును!"

"రోజూ ఎవరో ఒకరు అంటానే ఉంటారండి ఆ మాట."

విద్యార్థులు నవ్వు నాపుకొనలేకపోయిరి. పేర్రాజుగారు మరల తలుపు తట్టలేదు. లోపల ఆయనకు బదులుగ పాఠము చెప్పుటకు వచ్చిన ఉపాధ్యక్షులు లక్ష్మీనరసుగారు హాజరు పిలుచుచుండిరి. తలుపుసందునుండి నూకరత్నము పేరు వినబడెను. పిమ్మట నొక క్షణము నిశ్శబ్దము. పిమ్మట మఱియొక పేరు. తన పేరు పిలువబడుచుండగా పలుకనేరక గోడకీవల నిలుచున్న ఆ కన్య ముఖము ఆయన చూడలేక కన్నులు ప్రక్కకు ద్రిప్పెను. అప్పుడు కిటికీ దిగువ గోడ కనబడెను. భుజముల యెత్తున సున్నమంతయు అరిగి నున్నబడి మట్టిరంగు తేలియుండెను. మంచు పట్టిననాటినుండి తొమ్మండుగురు ఆనుకొని నిలిచిన చోటది. ప్రతిదినమును ఆ వరండావెంబడి నడచుచున్నను ఆయన దానిని జూచి యెఱుగడు. పేర్రాజుగారికి కన్నీరు వచ్చెను. మంచు అనుకొని తుడుచుకొనుటకు మంచు ఎప్పుడో విడిపోయినది.

ఆ దినముననే చరిత్రపాఠము మొదటి గంటనుండి తుది గంటకు మార్చబడెను. లక్ష్మీనరసుగారు నొచ్చుకొనిరి. "తొమ్మండుగురికొఱకు ఊరి గడియారమును త్రిప్పుదురా?" అని యడిగిరి.

"త్రిప్పుట గాదు నాయనా, ఇన్నాళ్ళు తప్పు నడచినదానిని సరిచేయుచున్నాను" అని పేర్రాజుగారు బదులు చెప్పెను.

అయినను చిక్కు తీఱలేదు. మిగిలిన దినములలో ఒక్కటియు మానకుండ వచ్చినను వారికి తొమ్మిదిగంటల హాజరు తక్కువపడును. గుమాస్తా మెల్లగ దగ్గఱకు వచ్చి తొమ్మిదిగంటలేకదా, కలము మీచేతనే యున్నదికదా యని సూచించెను. పేర్రాజుగారు అతనివంక జూచిన చూపునకు అతడు మఱి రెండుదినములు ఆ గదిలోనికి రాలేదు. అబద్ధపు హాజరుతో పరీక్షకు బోవువాడు జీవితాంతము వరండాలోనే నిలుచునని ఆయన యభిప్రాయము. కావున విశ్వవిద్యాలయపు నిబంధనల పుస్తకమును దెఱచి ఆద్యంతము చదివెను. అధ్యాపకుడు అదనపుగంటలు బోధింపవచ్చునని అందు గలదు. బోధించిన గంటకు హాజరు వేయవలెనని గలదు. గోడలు అను మాట అందు లేదు.

మరుసటి సోమవారమునుండి తొమ్మిదిదినములు పేర్రాజుగారు గుమ్మడిలంకలోనే బస చేసెను. ప్రతియుదయమును ఏడింటినుండి ఎనిమిదింటివఱకు గంపలు ఎక్కుచున్నంతసేపు రేవుగట్టున చరిత్రపాఠము జరిగెను. నల్లబల్ల లేకపోగా తడియిసుకమీద గొడుగుమొనతో రాజ్యముల సరిహద్దులు గీసెను. గంపలు మోయు స్త్రీలు ఆ రాజ్యములను త్రొక్కకుండ చుట్టు తిరిగి నడచిరి. రెడ్డిరాజుల పతనము చెప్పుచున్న దినమున పోతురాజు తాడు విప్పుట మఱచి వినుచు నిలిచెను. ఆయన హాజరుపుస్తకమున పేర్లకెదురుగ గుర్తులు వేసి స్థలము అనుచోట "గుమ్మడిలంక రేవు" అని వ్రాసి సంతకము చేసెను. ఆచారపరుడగుటచే తొలి నాలుగుదినములు తానే వండుకొనెను. పైడమ్మ ప్రతిదినమును ఒక లేతగుమ్మడికాయ తెచ్చి అరుగుపై నుంచి పోవుచుండెను. అయిదవనాడు ఆయన పొయ్యి రాజేయలేదు. పైడమ్మ యింటి కంచములో గుమ్మడికాయ పులుసుతో అన్నము తిని మరునాడును అచ్చటికే వెళ్ళెను. ఆ సంగతి నందిరేవు అగ్రహారమున చాలకాలము చెప్పుకొనిరి. ఆయన దానిని ఔననలేదు, కాదనలేదు.

ఫాల్గునమాసమున పరీక్షలు వచ్చినవి. ఆయేడు మంచు మాఘముతో పోక ఫాల్గునమునను వదలలేదు. పరీక్ష పదిగంటలకు. పదిన్నర దాటినచో ఎంతవారినైనను లోనికి బోనీయరాదు. ఇది పేర్రాజుగారి నిబంధన గాదు. మార్చుటకు ఆయనకు చెల్లదు. తొలిదినమున తెల్లవాఱినది మొదలు మేడమీదనుండి నదివంక జూచెను. నది కనబడలేదు. ముందటి సాయంకాలమే లంకకు బోయి వారిని దీసికొని రాకపోతినేయని తన్ను తాను తిట్టుకొనెను. గొడుగు మఱచి వట్టిచేతులతో కళాశాలకు బోయి తలుపుకడ నిలిచెను. అప్పలస్వామి గడియమీద చేయివేసి నిలిచియుండెను.

"ఆ చేయి తీయవోయి" అని పేర్రాజుగారు కసిరెను.

"పదిన్నరకండీ వేసేది. ఇంకా తొమ్మిదిన్నరే కదండీ."

"తెలియును. అయినను తీయుము."

మఱికొంతసేపటికి వీథిమలుపున తొమ్మండుగురు కానవచ్చిరి. పరుగెత్తుట లేదు. నడచియే వచ్చుచుండిరి. మోకాళ్ళవఱకు తడిసి పంచెలకును పరికిణీలకును బురద యంటియుండెను. పుస్తకములు మాత్రము పొడిగ నుండెను. పేర్రాజుగారు గడియారము తీసి చూచెను. తొమ్మిదిగంటల నలువది నిమిషములు.

"మంచు విడినదా?" అని ఆయన యడిగెను.

"లేదండి" అని నూకరత్నము చెప్పెను. "గంపలన్నీ ఎక్కించేశారండి, మంచు దిగిపోయింది. మా అమ్మ లేచి తన గంప దింపేసిందండి. ఏమీ అనలేదు. అది చూసి మిగతావాళ్ళూ దింపేశారు. పోతురాజు మామ ఉత్తపడవ తోలనన్నాడండి. అప్పుడు మేం తొమ్మిదిమందిమీ బల్లలమీద కాకుండా అడుగున, గంపలుండే చోట, దగ్గరదగ్గరగా కూర్చున్నామండి. తేలికపడవ కదండీ, కాలవ వెతుక్కునే పని లేదు. తిప్పలమీంచే జారిపోయింది. రేవు కనపడక బురదలో దిగి నడిచామంతేనండి."

"మీ యమ్మ?"

"గట్టుమీదే ఉండిపోయిందండి. గంపమీద తడిగుడ్డ కప్పుకుని."

పేర్రాజుగారు తలుపువంక చేయి చూపెను. వారు లోనికి బోయిరి. మొదటి గంట మ్రోగెను. ఆయన కొంతసేపు అచ్చటనే నిలిచి పిమ్మట పడమటి వరండాకు బోయి ఎవరును లేని ఆ కిటికీ రెక్కలను తానే బార్లగ దెఱచెను.

ఆనాటి మధ్యాహ్నము ఆయన భోజనమునకు గూర్చుండగా విస్తరిలో అన్నము పప్పు చింతకాయపచ్చడి మాత్రమే యుండెను. భార్య సూరమ్మగారు మజ్జిగ తెచ్చుచు నొచ్చుకొనిరి. "ఊళ్ళో వంకాయన్నది కనబడితే ఒట్టండి. సంతంతా బోసిపోయిందిట. లంక పడవ ఇవాళ గంపలు తేలేదుట. ఏమొచ్చిందో వాళ్ళకి!"

చదువునకు రుసుము తీసివేయుట తలుపు తెఱచుటయే గాని ఆ తలుపువఱకు దారి వేయుట కాదని ఆయన మూడుసంవత్సరముల మహజరులలో ఎచ్చటను వ్రాసియుండలేదు. అది అప్పుడు ఆయనకు తెలియదు. తెలిసినవారు వ్రాయనేరరు. వారు ఒక పూట రాబడిని గట్టుమీద దింపి తడిగుడ్డ కప్పి కూర్చుండిరి. పేర్రాజుగారు కూర లేని ఆ యన్నమును మాఱు పెట్టించుకొని తృప్తిగ తినెను.